వల లేని అరుగు

మా వీధిలో వల లేని ఇల్లు నాదే. మా ఆయన సముద్రంలో పోయాక తెప్పనూ వలనూ ఆయన తమ్ముళ్ళు పట్టుకెళ్ళిపోయారు. అప్పటి నుంచి నా ఇంటి అరుగు వీధిలోని ఆడవాళ్ళకు పనికొస్తోంది. మా జాలరి ఇళ్ళలో నెలసరి వచ్చిన ఆడది వలను తాకకూడదు, దాటకూడదు. వలలో గంగమ్మ తల్లి ఉంటుందని నమ్మకం. ఇళ్ళు చూస్తే ఒక్కో గది. వాకిలి నిండా వలే పరుచుకుని ఉంటుంది. ఇక ఆ మూడు రోజులూ ఆడవాళ్ళు ఎటు పోతారు? చాపా చెంబూ పట్టుకుని నా అరుగు మీదికి వస్తారు. వాళ్ళ ఇంటి నుంచి ఎవరో ఒకరు కంచంలో అన్నం తెచ్చి పెట్టి పోతారు. ఎవరికి నెల తప్పిందో, ఎవరికి పూర్తిగా ఆగిపోయిందో కట్టుకున్న మగవాడి కంటే ముందు నా అరుగుకే తెలుస్తుంది.

పక్కింటి ఎల్లాజీ కూతురు ధనశ్రీ కూడా పెద్దమనిషి అయినప్పటి నుంచి అలాగే వచ్చేది. ఎల్లాజీ నాకు వరసకు తమ్ముడు. ఆ పిల్ల నన్ను అత్తా అంటుంది. మిగతా ఆడవాళ్ళు అరుగు మీద నడుం వాల్చి కబుర్లు చెప్పుకునేవారు. ధనశ్రీకి అది కుదిరేది కాదు. ఆమె మారథాన్ పరుగెత్తే పిల్ల. మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా పరుగెత్తడం. బళ్ళో మొదలుపెట్టిన పరుగు కాలేజీ దాకా, కాలేజీ నుంచి హైదరాబాదు దాకా తీసుకెళ్ళింది. అక్కడ జరిగిన పెద్ద పోటీలో ఆడపిల్లల్లో నాలుగోదిగా వచ్చింది. ముంబైలో జనవరిలో జరిగే పోటీలో మొదటి ముగ్గురిలో ఉంటే దేశం కోసం పరుగెత్తే వాళ్ళ క్యాంపులోకి తీసుకుంటారని ఆమె కోచ్ శ్రీరామ్మూర్తి గారు చెప్పారు. ఆ క్యాంపు తప్ప ఆ పిల్లకు ఇంకో ఆలోచన లేదు.

ఆమె ఎలా తయారవుతుందో అరుగు మీద కూర్చున్న రోజుల్లోనే నేను విన్నాను. తెల్లారక ముందే, తెప్పలు తోసే మగవాళ్ళు లేచే వేళకే లేస్తుంది. బీచ్ రోడ్డు మీద బళ్ళు తిరగని వేళ చూసుకుని బయలుదేరుతుంది. సోమవారం మెల్లగా పరుగు. మంగళవారం యూనివర్సిటీ గ్రౌండులో ఒక చుట్టు ప్రాణం పోయేట్టు, ఒక చుట్టు ఊపిరి తీసుకునేట్టు, మళ్ళీ ప్రాణం పోయేట్టు, కడుపులో ఉన్నది బయటికి వచ్చేదాకా. గురువారం కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కడం, దిగడం. శనివారం స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్పులో చెట్ల కింద తిన్నగా పోయే రోడ్ల మీద పోటీలో పరుగెత్తే వేగంతోనే పరుగెత్తడం. ఆదివారం భీమిలి దాకా. ఇవి కాక రోజూ సాయంత్రం ఇసకలో గెంతులు. శుక్రవారం విశ్రాంతి అనేది. విశ్రాంతంటే ఆ రోజు ఒక్క పూటే పరుగెత్తడమట.

“ఏటే, రోజూ అదే రోడ్డు, అదే సముద్రం. ఎక్కడికెళ్ళిపోదామని?” అని అడిగాను ఒకసారి.

“ఎక్కడికీ ఎళ్ళక్కర్నేదత్తా. ఎళ్ళి ఎనక్కి రావాలి, అంతే,” అని నవ్వింది.

నెలసరి రోజుల్లో కూడా ఆమె పరుగు మానేది కాదు. నా అరుగు మీంచే బయలుదేరేది. అందుకని ఒక పాత బూట్ల జత ఎప్పుడూ నా గుమ్మం పక్కనే ఉండేది. ఇంట్లో ఉన్నవి తెచ్చుకోవాలంటే వల దాటాలి మరి.

కిందటి ఏడాది ఉగాదికి ముందు ఒకసారి వచ్చింది. ఆ తర్వాత రాలేదు. పోటీలకు ఊళ్ళు తిరుగుతోందేమో అనుకున్నాను. వేసవి అయిపోతుండగా ఒక మధ్యాహ్నం ఆమె తల్లి పోతమ్మ వచ్చింది. పోతమ్మా నేనూ హార్బరులో చేపలు వేలంలో పాడుకుని గంపల్లో అమ్ముకుంటాం. ఆ రోజు గంప దించకుండానే అరుగు మీద కూలబడింది.

“వదినా, మా గుంట నీ అరుగు మీదికి వచ్చిందేటి ఈ మద్దెన?”

“నేదు. ఇంట్లో ఉంటంది కదా అనుకున్నాను.”

“ఇంట్లోనే ఉంది. వల దాటతంది, తిరగతంది. అడిగితే రాలేదంటంది. మూడు నెల్లయిందట.” ఆ మాట అని చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆడపిల్లకు అది రాకపోతే తల్లికి మొదట ఏ భయం పుడుతుందో చెప్పనక్కర్లేదు. ఇద్దరం మెడికల్ షాపుకు వెళ్ళాం. కడుపు ఉందో లేదో చెప్పే పుల్ల తెచ్చాం. ధనశ్రీ చేతిలో పెడితే అది చూసి పడీ పడీ నవ్వింది.

“అమ్మా, నన్నెవడు అందుకుంటాడే? భీమిలి బస్సే అందుకోనేకపోతంది!”

“నోరుముయ్యి. ముందు సూడు,” అంది పోతమ్మ.

ఒక్క గీతే వచ్చింది. పోతమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ ఏడుపు అయ్యాక రెండో భయం మొదలైంది. కడుపు కాకపోతే మరి ఏమిటి? ఆసుపత్రికి వెళ్దామంటే ధనశ్రీ కోచ్‌ని అడుగుతానంది.

శ్రీరామ్మూర్తి గారు స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. గోదావరి వైపు వాళ్ళు. కుర్రతనంలో తానూ పరుగెత్తాడట. ధనశ్రీ దగ్గర ఒక్క పైసా తీసుకోకుండా నేర్పేవాడు. పోతమ్మ అడిగేసరికి స్కూటర్ మీంచి దిగకుండా, అద్దం తుడుస్తూ చెప్పాడు.

“ఏం ఫర్లేదమ్మా. గట్టిగా ట్రైనింగ్ చేసే ఆడపిల్లలకి అలాగే అవుద్దండి. బాడీ లైట్ అయ్యిందన్నమాట. ఇంకో మూడు కిలోలు తగ్గితే ముంబైలో ఎవరూ పట్టుకోలేరు. రేసులయ్యాక అదే వచ్చేస్తుంది లెండి.”

పోతమ్మకు సగం ధైర్యం వచ్చింది. మిగతా సగం ఆమె అత్త, ఎల్లాజీ తల్లి ముసలమ్మ ఇచ్చింది.

ఆ వారమే ఎల్లాజీ వలలో మంచి ధర పలికే కోనెం చేపలు పడ్డాయి. చాలా కాలంగా మా పేట తెప్పలకు సరిగ్గా వేట లేదు. పెద్ద బోట్లు లోపలే ఊడ్చేస్తుంటే ఒడ్డు తెప్పలకు కవళ్ళూ నెత్తళ్ళూ లాంటి చిల్లర చేపలు తప్ప దొరకని రోజులు. అలాంటిది ఎల్లాజీ తెప్ప అంచు నీళ్ళకు ఆనేంత బరువుతో వచ్చింది. నేను కళ్ళారా చూశాను. ఆ సాయంత్రం ముసలమ్మ వల ముందు కూర్చుని, మనవరాలిని పిలిచి, తల మీద చెయ్యి పెట్టింది.

“తల్లే ఆపింది దీనికి. ఈ గుంట చెయ్యి వల మీద పడాలని గంగమ్మ తల్లే ఆపింది. నేకపోతే ఇరవై రెండేళ్ళ పిల్లకి ఆగడమేటి? ఒరే ఎల్లాజీ, రేపటి నుంచి దీని సేత పసుపెట్టించు.”

అది విన్నవాళ్ళెవరూ నవ్వలేదు. మా పేటలో నవ్వే మాట కాదది. ముట్టు ఉడిగిన ముసలమ్మలు వలను తాకుతారు, ఈడు రాని పిల్లలు తాకుతారు. నడుమ వయసు ఆడదాని చెయ్యి నెల పొడవునా వల మీద ఉండటం ఎవరూ ఎరగరు.

మర్నాటి నుంచి ధనశ్రీ రోజు మారిపోయింది. చీకట్లోనే తెప్ప దగ్గరికి వెళ్ళి దాని ముక్కుకు పసుపు పెట్టేది. మగవాళ్ళు తెప్పను నీళ్ళలోకి తోశాక అక్కడి నుంచే పరుగు మొదలుపెట్టేది. పరుగు నుంచి వచ్చాక వాకిట్లో తండ్రి పక్కన కూర్చుని వల కుట్టేది. మావాళ్ళు వలను కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి కుడతారు. పరుగుల వల్ల ధనశ్రీ బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడి ఊడిపోయి ఉండేవి. అందుకని పక్క వేలికి తగిలించుకునేది.

ఎల్లాజీ చెడ్డవాడు కాదు గానీ కూతురి పరుగంటే గిట్టేది కాదు. పొట్టి లాగుతో ఊరంతా తిరుగుతుందని కస్సుమనేవాడు. పెద్దమనిషి అయినప్పటి నుంచి ఆ పిల్లతో ఆయన ఎక్కువసార్లు అన్న మాట “వల దాటకే” అనే. అదే నోటితో ఇప్పుడు “ఇలగ రా తల్లీ, ఈ కన్ను నువ్వు ముడెయ్యి” అంటున్నాడు. కొత్త బూట్లు కొని తెచ్చాడు. హార్బరులో అడిగిన వాడికీ అడగని వాడికీ “మా గుంట ముంబైలో లగెత్తుతాది” అని చెప్పుకున్నాడు.

“అత్తా, మా నాన్న నన్ను వల మీద కూకోబెట్టాడు,” అని ఆ రోజుల్లో నా గుమ్మం దగ్గర ఆగి చెప్పింది ధనశ్రీ. హైదరాబాదులో పరుగెత్తి వచ్చినప్పుడు కూడా ఆ మొహం అలా వెలగలేదు.

శ్రీరామ్మూర్తి గారు చెప్పిన మూడు కిలోల కోసం ఆమె అన్నం మానేసింది. పొద్దున్న ఒక గ్లాసు చోడి అంబలి, మధ్యాహ్నం రెండు గుడ్లు, రాత్రికి ఏదో ఒక పండు. పోతమ్మ నెత్తళ్ళు వేపి ముందు పెడితే వాసన చూసి పక్కకు జరిపేది.

“కూడు తినకుండా అంత దూరం ఎలగ లగెత్తుతావే? ఇంజనుకైనా డీజిల్ పొయ్యాలి కదే!” అని పోతమ్మ తల బాదుకునేది.

“తింటే కాళ్ళు బరువెక్కిపోతాయమ్మా.”

బరువు చూసుకోవడానికి హార్బరుకు వచ్చేది. చేపలు తూచే కాటా మీద బూట్లు విప్పి నిలబడేది. వేలం పాడే ఎల్లారావు మా అందరినీ ఎగతాళి చేసే మనిషి. ఆమె కాటా ఎక్కగానే గొంతెత్తేవాడు.

“వచ్చిందమ్మా కోనెం! రండి రండి, పాట మొదలెట్టండి! ఏటే పోతమ్మా, దీనికి మాంసమేదే? ముల్లొక్కటే తూగతంది!”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళం నవ్వేవాళ్ళం. ధనశ్రీ కూడా నవ్వేది. “ఇంకో కిలో తగ్గాలి మావా,” అనేది.

దసరా దాటాక ఒక రోజు ఆమె కాటా దిగుతుంటే ఎల్లారావు కాటా ముల్లు వంక చూశాడు, ఎగతాళి చెయ్యలేదు. ఆమె వెళ్ళాక నాతో అన్నాడు. “వరహాలప్పా, ఇది బాగునేదే. ఐసులో ఎట్టిన సేప నాగుంది. ఐసు తీసేత్తే ఏటీ మిగల్దు.”

కార్తీకంలో నొప్పి మొదలైంది. ఒక పూట ధనశ్రీ నా అరుగు మీదికి వచ్చింది. చాపా చెంబూ లేవు. వచ్చి కుడి తొడ మొదలు పట్టుకుని కూర్చుంది. నూనె కాచి రాయమంది. రాస్తుంటే నా చేతికి కండ తగల్లేదు. గజ్జల దగ్గర వేలు పెట్టగానే పళ్ళు బిగించింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మంగళవారం పరుగుకాడ మొదలైంది. మొదట్లో పరిగెడితే తగ్గిపోయేది. ఇప్పుడు తగ్గట్నేదు.”

“డాక్టరుకి సూపించు.”

“జనవరి దాటనీ అత్తా. ఇప్పుడెళ్తే కదలొద్దంటాడు.”

“అంటే కదలకు. ఓ నెల కూకో.”

ఆమె తన ఇంటి వాకిలి వైపు చూసింది. ఎల్లాజీ అక్కడ వల దులుపుతున్నాడు.

“కూకుంటే అది తిరిగొచ్చేత్తాదత్తా. మా ఆటల అమ్మాయిలందరికీ అంతే. నాల్రోజులు కూకుని కడుపు నిండా తింటే వచ్చేత్తాది. వత్తే నాను వల మీంచి లెగాలి.”

“లెగిస్తే లెగిస్తావు. ఏటి పోయింది?”

“మా నాన్నకి పోద్ది,” అంది.

ఆ సాయంత్రమే పోతమ్మకు చెప్పాను, నొప్పి సామాన్యమైంది కాదని. పోతమ్మ భర్తకు చెప్పింది. భర్త తల్లికి చెప్పాడు. ముసలమ్మ వల తాడులోంచి ఒక పోగు తీసి, పసుపు రాసి, మనవరాలి నడుముకు కట్టింది. శ్రీరామ్మూర్తి గారు కండ పట్టేసిందని చెప్పి ఐసు పెట్టుకోమన్నాడు. ఐసుకు మాకు కరువు లేదు. పోతమ్మ రోజూ హార్బరు నుంచి ముక్కలు తెచ్చి గుడ్డలో చుట్టి తొడ మీద పెట్టేది. ధనశ్రీ నా అరుగు మెట్లు దిగేటప్పుడు పీతలా పక్కవాటుగా దిగడం చూశాను. మెట్లు దిగాక రోడ్డు మీదికి పోయి మాత్రం తిన్నగానే పరుగెత్తేది. అదెలా సాధ్యమో నాకు తెలీదు.

ముంబై వెళ్ళే ముందు ఆఖరి పెద్ద పరుగు ఒకటుంది. బీచ్ రోడ్డు నుంచి భీమిలి వెళ్ళి, అక్కడి నుంచి కొంత దూరం వెనక్కి రావాలి. అది ఆదివారం. నేను ఎండు చేపలు తెచ్చుకోవడానికి అదే పొద్దున షేర్ ఆటోలో భీమిలి వెళ్తున్నాను. రుషికొండ దాటి చాలా దూరం వెళ్ళాక ధనశ్రీ కనిపించింది. పక్కన శ్రీరామ్మూర్తి గారు స్కూటర్ మీద, నీళ్ళ సీసా పట్టుకుని. ఆటోలో ఉన్న మా గంపల ఆడవాళ్ళు కేకలేశారు.

“లగెత్తవే లగెత్తు! ఆటోని కొట్టేయ్!”

“ఒలమ్మా, ఇది మనకన్నా ముందెళ్ళి సేపలు పాడేసుకుంటాదే!”

ధనశ్రీ మా వైపు చూడలేదు. మొహంలో రక్తం లేదు. పెదాలు కదులుతున్నాయి. ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆటో ఇంకొకరిని ఎక్కించుకోవడానికి ఆగింది. వెనక నుంచి ఆమె వస్తోంది. నేను తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. కుడికాలు నేల మీద ఆనింది. ఆనిన కాలు ఆమెను మొయ్యలేదు. రాయి తగల్లేదు, గుంట లేదు, ఎవరూ గుద్దలేదు. చదునైన రోడ్డు మీద మనిషి కుడివైపు కుంగిపోయి పడిపోయింది. అంత బాధలోనూ మొదట చేత్తో నేలను తోసి లేవబోయింది. రెండోసారి తోసినప్పుడు ఆమె గొంతులోంచి వచ్చిన అరుపుకు ఆటోలో వాళ్ళంతా దిగిపోయారు.

గంపలు రోడ్డు పక్కన పెట్టేసి ఆమెను ఆటోలో పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో ఉంది. శ్రీరామ్మూర్తి గారు స్కూటర్ మీద వెనకే వచ్చాడు. దారంతా ఆమె ఒకే మాట అడిగింది. “అత్తా, ముంబైకి ఇంకా మూడు వారాలుంది కదా? తగ్గిపోద్ది కదా?”

కబురందుకుని పోతమ్మా, ముసలమ్మా ఆసుపత్రికి వచ్చారు. డాక్టరమ్మ ఫొటోలు తీయించి చూసింది. తొడ ఎముక నడుములో దూరే చోట విరిగిపోయింది. అప్పటికే కొన్ని వారాలుగా అక్కడ చీలిక ఉందని, దాని మీదే పరుగెత్తుతూ వచ్చిందని చెప్పింది. తర్వాత ధనశ్రీని అడిగింది, నెలసరి ఎప్పుడు వచ్చిందని. ధనశ్రీ పైకప్పు వంక చూస్తూ చెప్పింది.

డాక్టరమ్మ పోతమ్మ వైపు తిరిగింది. “తిండి లేకుండా అంత కష్టపెడితే ఒంట్లో ముందు అది ఆగిపోతుందమ్మా. అది ఆగితే ఎముకలకు బలం పోతుంది. మీ అమ్మాయి ఎముకలు అరవై ఏళ్ళ ఆవిడ ఎముకల్లా ఉన్నాయి. తొమ్మిది నెలలుగా ఆగితే ఒక్కసారైనా తీసుకురావాలని అనిపించలేదా?”

పక్కనున్న ముసలమ్మ అందుకుంది. “నీకు తెల్దమ్మా. అది తల్లి ఆపింది.”

“ఏ తల్లి?” అంది డాక్టరమ్మ, పోతమ్మను చూస్తూ.

శ్రీరామ్మూర్తి గారు గుమ్మం బయట నిలబడి ఆ మాటలన్నీ విన్నాడు. మేం బయటికి వచ్చేసరికి అక్కడ లేడు.

తొడలో ఇనుప మేకులు వేశారు. నడవగలదన్నారు. పరుగు సంగతి ధనశ్రీయే అడిగింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, ఆ ఎముక తలకు నెత్తురు సరిగ్గా అందకపోతే ముందు ముందు కీలు మొత్తం మార్చాల్సి రావచ్చని, ఇక పరుగు మాట తలపెట్టవద్దని చెప్పింది. మెత్తగానే చెప్పింది. ధనశ్రీ తలాడించింది. మూడు వారాల తర్వాత ముంబైలో పోటీ జరిగింది. ఆ పొద్దున ఆమె మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. టీవీ పెట్టనా అని పోతమ్మ అడిగితే వద్దంది.

శ్రీరామ్మూర్తి గారు ఒకసారి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. వాకిట్లో వల ఉంటే దాటవచ్చో లేదో తెలీక వీధిలోనే నిలబడ్డాడు. “అమ్మా ధనశ్రీ, నాకు తెలిసిందే చెప్పానమ్మా,” అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ రాలేదు. వేసవి మొదట్లో బీచ్ రోడ్డు మీద ఆయన స్కూటర్ కనిపించింది. దాని ముందు ఇంకో అమ్మాయి పరుగెత్తుతోంది. అది కూడా పల్చటి పిల్లే.

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టే వేట నిషేధం రోజులు వచ్చాయి. తెప్పలన్నీ ఒడ్డుకెక్కాయి. మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే కూర్చుని వలలు బాగుచేసుకునే కాలం. ధనశ్రీ కూడా కర్ర పక్కన పెట్టుకుని తండ్రితో పాటు వల కుడుతూ కూర్చునేది. కుడికాలు చాచి, ఎడమ కాలి వేలికి వల తగిలించుకుని. అప్పటికి అన్నం తింటోంది. మాటలు లేవు. ఎల్లాజీ మాత్రం ఓదార్పుగా ఏదో ఒకటి అంటూనే ఉండేవాడు.

“పోన్లేయే. పరుగు పోతే పోయింది. నీ చెయ్యి ఉంది కదా నాకు. వేట మొదలయ్యే నాడు నువ్వే పసుపెట్టాలి. నువ్వెట్టిన ఏడే కదా కోనెం పడ్డాది.”

ఆ మాటకు ధనశ్రీ కళ్ళెత్తి ఆయన్ని చూసి, మళ్ళీ వల మీదికి వంగేది. రోజుకు రోజు కుట్టు చక్కబడింది. ఆమె వేసిన ముడులు చూసి పక్కింటి మగవాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

జూన్ నెల సగంలో వేట మళ్ళీ మొదలవుతుంది. దానికి ముందు రోజు పొద్దున్నే, నేను వాకిట్లో కళ్ళాపి జల్లుతుంటే కర్ర చప్పుడు వినిపించింది. ధనశ్రీ. చంకలో చాప. ఇంకో చేతిలో చెంబు.

నాకు వెంటనే అర్థమైంది. మెట్లు ఎక్కించి చాప పరిచాను.

“డాక్టరమ్మ సెప్పింది కదే,” అన్నాను చివరికి. “వత్తే మంచిదని సెప్పింది కదా. ఎముకకి బలమొత్తంది.”

“ఆ,” అంది. “పరిగెత్తినప్పుడు రానేదు. ఇప్పుడొచ్చింది. బలం దేనికత్తా నాకు?”

పక్కింట్లోంచి ముసలమ్మ గొంతు వినిపిస్తోంది. వల మీద పసుపు నీళ్ళు జల్లుతూ ఏడుస్తోంది. “తల్లి ఎలిపోయింది. నా ఇంట్లోంచి తల్లి ఎలిపోయింది. రేపనగా ఈ పూటే రావాలేటే అది?” ఎల్లాజీ ధనశ్రీ కుట్టిన వల భాగం చుట్టి లోపల పెట్టేశాడని తర్వాత పోతమ్మ చెప్పింది.

మర్నాడు చీకట్లో తెప్పలన్నీ బయలుదేరాయి. డప్పులు వినిపించాయి. ఎల్లాజీ తెప్పకు ఆయన తమ్ముడి చిన్న కూతురు పసుపు పెట్టింది. ఈడు రాని పిల్ల. ముసలమ్మ ఎత్తుకుని తీసుకెళ్ళింది. అరుగు మీంచి సముద్రం కనిపించదు, చప్పుడు మాత్రం వస్తుంది. ధనశ్రీ ఆ చప్పుడు విన్నంతసేపూ విని, “తెప్పలు తోసేశారు,” అంది.

ఆ సాయంత్రం ఎల్లాజీ వలలో పెద్దగా ఏమీ పడలేదు. మర్నాడూ అంతే. ఎవరి తెప్పకూ పడలేదు, కానీ ఆ మాట ఆ ఇంట్లో ఎవరికి పట్టింది?

తలంటుకున్నాక ధనశ్రీ ఇంటికి వెళ్ళింది. తడి జుట్టుతో వాకిట్లో వల పక్కన నిలబడి, కర్ర గోడకు ఆనించి, కూర్చోవడానికి వంగబోయింది. ఎల్లాజీ కోప్పడలేదు. లేచి ఆమె భుజం పట్టుకుని నిలబెట్టాడు.

“నొప్పి కాలితో ఎందుకే వల మీద? లోపలికెళ్ళి తొంగో. మేం కుట్టుకుంటాంలే.”

ఆమె లోపలికి వెళ్ళలేదు. కర్ర తీసుకుని వల చుట్టూ తిరిగి, మళ్ళీ నా అరుగు మీదికి వచ్చింది. ఆ రోజే కాదు, తర్వాత రోజు కూడా వచ్చింది. పగలంతా కూర్చుని, రాత్రికి పడుకోవడానికి మాత్రం ఇంటికి పోతోంది. ఎంత రాత్రి పడుకున్నా తెల్లారక ముందే లేచి వచ్చేస్తుంది. గుమ్మం పక్కన ఆ పాత బూట్లు ఇంకా ఉన్నాయి. వాటిని తీసేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఆమె చూస్తుండగా తీయలేకపోయాను.

పోయిన శుక్రవారం పోతమ్మ చాపతో వచ్చింది. ఆమెకు ఇంకా ఆగలేదు. అరుగు మీద కూతురు కూర్చుని ఉండటం చూసి ఆగింది.

“నీకు అయిపోయింది కదే. ఇంటికెళ్ళు.”

“ఎళ్తాను,” అంది ధనశ్రీ. కదల్లేదు.

పోతమ్మ కూతురి పక్కనే చాప పరుచుకుని అటు తిరిగి పడుకుంది. అప్పటికింకా పూర్తిగా తెల్లారలేదు. బీచ్ రోడ్డు మీద పరుగెత్తే వాళ్ళు గుంపుగా పోతున్నట్టున్నారు, వీధి చివర నుంచి అడుగుల చప్పుడు వస్తోంది. ఆ చప్పుడుకు ధనశ్రీ కుడి మడమ దానంతట అదే అరుగు మీద ఆడటం మొదలైంది. ఆమె వంగి దాన్ని చేత్తో గట్టిగా పట్టుకుంది. వాళ్ళంతా వెళ్ళిపోయేదాకా అలాగే పట్టుకుని ఉంది.